మా రెండెకరాలు = 81 పిక్సెళ్ళు

కిందటేడు వేసవిలో ఓ ఆదివారం మా మావయ్య ఫోన్ చేశాడు. సాధారణంగా ఆయన ఫోన్ చేస్తే పెళ్ళి కబురో, చావు కబురో అయ్యుంటుంది. ఈసారి మాత్రం "ఒరే అబ్బాయ్, పైనుంచి శాటిలైట్ తీసిన గోదారి ఫొటోలు, పాతవి, మీ కంప్యూటర్లో దొరుకుతాయంట కదా. నిజవేనా?" అని అడిగాడు.

మావయ్యది కోనసీమలో ఓ లంక ఊరు. ఏటి ఒడ్డున తాతయ్య ఇచ్చిన రెండెకరాల కొబ్బరితోట. ఉంది అనాలో, ఉండేది అనాలో తెలీని స్థితిలో ఉందది. ఇరవై ఏళ్ళ నుంచీ గోదారి కోసుకుంటూ వస్తోంది. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఊరుకున్న మనిషి, ఎవరో చెప్తే నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టుకుందామని వెళ్ళాడు. ఆ దరఖాస్తులో ఓ గడి ఉంది: నష్టం జరిగిన తేదీ.

"ఏ తేదీ అని రాయనురా? ఓ వరదకి నాలుగు చెట్లు, ఓ వరదకి పది. వరద లేనప్పుడు కూడా మధ్యాన్నం భోంచేసి నడుం వాలిస్తే దబ్బుమని చప్పుడు. లేచెళ్ళి చూస్తే గట్టు బారెడు లోపలికొచ్చుంటుంది. తేదీ లేకపోతే కుదర్దు, అంచనాగా రాస్తే రుజువు కావాలి అంటున్నాడు ఆ గుమాస్తా."

గుమాస్తాని తిట్టి లాభం లేదు. ఆయన రూల్ ప్రకారమే మాట్లాడాడు. కేంద్రం 2022లో ఇచ్చిన విపత్తు సహాయ నిబంధనల్లో, నది దారి మార్చుకోవడం వల్ల భూమిలో చాలా భాగం పోతే చిన్న, సన్నకారు రైతులకి హెక్టారుకి 47,000 రూపాయలు అని ఉంది. అంటే ఎకరానికి సుమారు 19,000. రెండెకరాలూ పోతే 38,000. కాపుకొచ్చిన కొబ్బరితోటకి! మన ఐటీ వాళ్ళం ఓ ఫోన్ కొనేటప్పుడు అంతకంటే ఎక్కువ పెట్టి, పైగా ఆఫర్ వచ్చిందని సంతోషిస్తాం. ఆ కాస్తయినా రావాలంటే భూమి ఒక రోజున, ఒక విపత్తులో, అందరూ చూస్తుండగా పోవాలి. ఇరవై ఏళ్ళ పాటు బారెడు బారెడు చొప్పున పోతే అది విపత్తు కిందికి రాదు, మన ఖర్మ కిందికి వస్తుంది.

సరే, ఫొటోల సంగతికొద్దాం. అవి నిజంగానే దొరుకుతాయి, అదీ ఊరికే. అమెరికా వాళ్ళు మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహాన్ని 1972 జూలైలో పంపారు. అప్పట్నుంచీ ఒకటి పోతే ఇంకోటి పెడుతూ భూమి మొత్తాన్నీ తీస్తూనే ఉన్నారు. ఒకప్పుడు లాండ్‌శాట్-7 బొమ్మ ఒక్కోటీ 600 డాలర్లు. 2008లో మొత్తం గోడౌన్ తలుపులు తీసేసి ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపోండి అన్నారు. 2015 నుంచి యూరప్ వాళ్ళ సెంటినెల్-2 కూడా ఉచితమే. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో కూర్చుంటే మనం డౌన్‌లోడ్ కూడా చేసుకోనక్కర్లేదు. ఓ ముప్ఫై లైన్ల జావాస్క్రిప్ట్ చాలు.

అయితే ఒక్కో పిక్సెల్‌లో ఎంత భూమి పడుతుందో మన కొలతల్లో చెప్పుకుంటే గానీ విషయం బోధపడదు. 1970ల నాటి లాండ్‌శాట్ పిక్సెల్ సుమారు 80 మీటర్లు. అంటే ఎకరం 58 సెంట్లు. మా తోట మొత్తం ఒక పిక్సెలూ ఒక ముక్కానూ! 80ల నుంచి వచ్చినవి 30 మీటర్లు, అంటే 22 సెంట్లు. తోట తొమ్మిది పిక్సెళ్ళయింది. సెంటినెల్-2 దగ్గరికొచ్చేసరికి 10 మీటర్లు. అది 120 గజాలు, హైదరాబాద్ శివార్లలో చిన్న ప్లాటంత. ఇప్పుడు మా రెండెకరాలకి 81 పిక్సెళ్ళు. ఇక్కణ్ణుంచి లెక్క పెట్టడం తేలిక.

నీళ్ళనెలా పట్టుకుంటారంటే, నీరు పరారుణ కాంతిని దాదాపు మింగేస్తుంది, ఆకుపచ్చ కాంతిని కాస్త వెనక్కి పంపిస్తుంది. ఆకుపచ్చలోంచి పరారుణం తీసేసి, రెండిటి మొత్తంతో భాగిస్తే, వచ్చింది సున్నా కంటే ఎక్కువైతే నీరు, తక్కువైతే నేల. 1996లో మెక్‌ఫీటర్స్ అనే ఆయన చెప్పిన సూత్రం. ఇంతే, ఇందులో ఏ ఏఐ లేదు. అయితే మన గోదారి ఎర్రనీళ్ళకి అది కొంచెం తడబడుతుంది. అందుకని ఇంకో బ్యాండ్ వాడి సరిచేసిన సూత్రం 2006లో వచ్చింది.

ఇక్కడ నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి. మొదటి రోజు ఉత్సాహంలో 1990 నవంబరు బొమ్మా, 2005 ఏప్రిల్ బొమ్మా పక్కపక్కన పెట్టి, గోదారి పదిహేనేళ్ళలో సగమైపోయిందని తేల్చేశాను. మావయ్యకి చెప్తే పగలబడి నవ్వాడు. "ఏప్రిల్‌లో గోదాట్లో నీళ్ళెక్కడుంటాయిరా, ఇసకే కదా!" నీళ్ళ అంచు వేరు, గట్టు వేరు. వేసవిలో నీళ్ళ అంచు అర కిలోమీటరు లోపలికి జరిగినా గట్టు అక్కడే ఉంటుంది. వాట్సాపుల్లో తిరిగే "అప్పుడు - ఇప్పుడు" బొమ్మల్లో ఈ మోసం బోలెడుంటుంది. ఒకే నెల, దాదాపు ఒకే నీటిమట్టం ఉన్న బొమ్మలు పోల్చాలి. నేను ప్రతి ఏడూ ఫిబ్రవరి తీసుకున్నాను. మబ్బులుండవు, నది తగ్గి ఉంటుంది, ఇసకకీ పచ్చదనానికీ మధ్య గట్టు స్పష్టంగా కనబడుతుంది. 2003 మే తర్వాతి లాండ్‌శాట్-7 బొమ్మలు పక్కన పెట్టేశాను. దాంట్లో ఒక భాగం పాడవడంతో బొమ్మ నిండా దువ్వెన పళ్ళ లాంటి చారలే.

ఫలితం ఇదీ. 1990లో తోట మొత్తం ఉంది. 2006 ఆగస్టు వరద (ధవళేశ్వరం దగ్గర 28 లక్షల క్యూసెక్కులు దాటింది) తర్వాత తొమ్మిది పిక్సెళ్ళలో రెండు నీళ్ళయ్యాయి. 2016 ఫిబ్రవరికి కొత్త లెక్కలో 81కి 50 మిగిలాయి. 2022 ఫిబ్రవరికి 44. ఆ జూలైలో వరదొచ్చింది, 25 లక్షల క్యూసెక్కుల పైనే. తర్వాతి ఫిబ్రవరికి 21. మొన్నటి ఫిబ్రవరికి 12. అంటే 30 సెంట్లు. గుమాస్తా అడిగిన తేదీ నేను చెప్పలేను గానీ, ఏ పిక్సెల్ ఏ ఫిబ్రవరి దాకా ఉందో, ఏ ఫిబ్రవరికి లేదో చెప్పగలను.

అక్కడితో ఆపేస్తే బాగుండేది. అన్నీ చూశాం కదా అని 1973 బొమ్మ కూడా తెరిచాను.

మా తోట ఉండాల్సిన చోట ఆ ఒక పిక్సెలూ నల్లగా ఉంది. నీళ్ళు. పాత బొమ్మలు ఒక పిక్సెల్ అటూ ఇటూ జరిగి ఉండటం మామూలే కాబట్టి చుట్టుపక్కలవి కూడా చూశాను. అన్నీ నలుపే. నది అప్పుడు మా వైపున పారుతోంది. ఇప్పుడు ఇసక మేట వేసి ఉన్న అవతలి ఒడ్డు అప్పట్లో పచ్చగా, మూడు నాలుగు పిక్సెళ్ళ వెడల్పున ఎక్కువ ఉంది. తాతయ్యకి పట్టా వచ్చింది 1979లో. అంటే గోదారి అవతల ఎవరి తోటనో కోసి, ఇవతల మేట వేస్తే, ఆ మేట మీద మేం కొబ్బరి మొక్కలు పెట్టాం. నలభై ఏళ్ళు కాయలు తిన్నాం.

ఇది మావయ్యకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెప్పేశాను. ఆయనేం ఆశ్చర్యపోలేదు. "మీ అమ్మమ్మ అంటూనే ఉండేది కదరా, అవతలొడ్డు వాళ్ళ ఉసురు తగుల్తుందని" అన్నాడు. లంకల్లో వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. తెలీంది మన కాగితాలకీ, మ్యాపులకీ, మనలాంటి మ్యాపులు చూసి బతికేవాళ్ళకీ. మనకి నది అంటే మ్యాపు మీద నీలం గీత. రియలెస్టేట్ వాడు "రివర్ వ్యూ" అని బ్రోషర్ వేస్తే, ఆ వ్యూ ఏ సంవత్సరంలోదని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

గీత అనుకుంటే ఏమవుతుందో చూడాలంటే కోసీ నదిని చూడాలి. హిమాలయాల నుంచి ఇసకా, ఒండ్రూ విపరీతంగా మోసుకొచ్చి బీహార్ మైదానంలో పోసే నది. తను పోసిన మట్టి తనకే అడ్డమై పక్కకి జరుగుతుంది. అలా రెండొందల ఏళ్ళలో వంద కిలోమీటర్లకి పైగా పడమటికి జరిగింది. 1950ల్లో మనవాళ్ళు ఇక చాల్లే అని రెండు వైపులా గట్లు కట్టి, 60ల మొదట్లో బ్యారేజీ పెట్టి గీతలో బంధించారు. దాంతో ఒండ్రంతా గట్ల మధ్యే పడి నది అడుగు చుట్టుపక్కల పొలాల కంటే ఎత్తుకి లేచింది. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర తూర్పు గట్టు తెగింది. పెద్ద వరదేమీ కాదు. ఆ కట్టడాల డిజైను 9.5 లక్షల క్యూసెక్కులకైతే, ఆ రోజు ప్రవాహం అందులో అయిదో వంతు కూడా లేదు. నది వందేళ్ళ కిందట వదిలేసిన తూర్పు పాయల్లోకి వెళ్ళిపోయింది. బీహార్లో 30 లక్షల మందికి పైగా నీళ్ళ పాలయ్యారు. వాళ్ళలో చాలామంది తమది నది ఒడ్డు అనే అనుకోలేదు, అక్కడ నది లేదు మరి.

ఇందులో నాకు ఒళ్ళు మండే విషయం ఏంటంటే, ఆ పాత పాయలు గట్టు తెగక ముందు బొమ్మల్లోనే కనబడతాయి. పొలాల మధ్య మెలికలు తిరిగిన ముదురు రంగు చారలు, తడి నేలలు, చెరువుల వరసలు. నది వెళ్ళడానికి ఎటు దారి ఉందో ఆకాశం నుంచి చూస్తే అరచేతి గీతల్లా తెలుస్తుంది. ఆ తర్వాత గట్టు పూడ్చి, 2009లో నదిని మళ్ళీ పాత గీతలోకి తెచ్చారు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 6.61 లక్షల క్యూసెక్కులు వదలాల్సొచ్చింది, 56 ఏళ్ళలో అదే ఎక్కువ. ఈసారి కూడా బీహార్లో కొన్నిచోట్ల గట్లు తెగాయి.

కోసీ రాక్షసి, గోదారి అలా కాదు, నిజమే. గోదారి వంద కిలోమీటర్లు జరగదు, వంద మీటర్లే జరుగుతుంది. కానీ ఆ వంద మీటర్లలో ఎవరి రెండెకరాలో ఉంటాయి.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మన భాషలో చెప్తాను. ఓ కంపెనీలో ఉద్యోగి అడ్రస్ మారితే పాతది చెరిపేసి కొత్తది రాయకండి, రెండూ ఉంచి ఏది ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అని తేదీలు పెట్టండి అని డేటా వేర్‌హౌస్ మొదటి క్లాసులో చెప్తారు. రెండు లైన్ల కోడ్ మార్చినా గిట్‌లో ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని ఉంటుంది. నదికీ, నది పక్క సర్వే నంబరుకీ మాత్రం అలాంటి చరిత్రే ఉండదు. పైగా పాతది చెరపడం కూడా లేదు. మావయ్య అడంగల్లో ఇవాళ్టికీ రెండెకరాలూ ఉన్నాయి. పీఎం కిసాన్ వాళ్ళు ఏడాదికి 6,000 వేస్తూనే ఉన్నారు, గోదాట్లో ఉన్న భూమికి! ఆంధ్రాలో 2020 చివర్లో మొదలైన రీసర్వేలో డ్రోన్లు ఎగరేసి, సెంటీమీటర్లలో కొలవడం మొదలుపెట్టారు. మంచిదే. కానీ ఏడాదికి మీటర్ల లెక్కన నడిచే గట్టుని సెంటీమీటర్లలో ఒక్కసారి కొలిచి ముద్ర వేస్తే, ఆ ముద్ర ఎన్ని వరదల దాకా పనికొస్తుంది?

మనవాళ్ళకి చేతకాక కాదు. ఉపగ్రహ బొమ్మల పని చేసే జాతీయ కేంద్రం ఎన్నారెస్సీ ఉన్నదే మన బాలానగర్లో. 1988లో మొదటి ఐఆర్ఎస్ ఉపగ్రహం వెళ్ళినప్పట్నుంచీ మన సొంత బొమ్మలూ ఉన్నాయి. బ్రహ్మపుత్ర గట్ల కోత మీద వాళ్ళు చేసిన పని చిన్నది కాదు. కేంద్ర జల సంఘం ఐఐటీల చేత నదుల మీద లావుపాటి రిపోర్టులు రాయించింది. ఆ రిపోర్టులు మా మావయ్య వెళ్ళిన ఆఫీసు బల్ల దాకా రావు, అంతే తేడా.

బంగ్లాదేశ్ మనకంటే పేద దేశం అనుకుంటూ ఉంటాం కదా. అక్కడ పద్మ (మన గంగే) 1967 నుంచి 2018 దాకా 66,000 హెక్టార్లకి పైగా మింగేసిందని నాసా లెక్క. ఇంచుమించు 2007లో ఏర్పడినప్పటి జీహెచ్ఎంసీ అంత. ఢాకాలో సీజిస్ అనే సంస్థ ఉంది. ప్రతి ఏడూ ఎండాకాలం బొమ్మలు చూసి, ఇసక దిబ్బలు ఎటు పెరుగుతున్నాయి, పాయ ఎటు తిరుగుతోంది అని లెక్కగట్టి, వచ్చే వర్షాకాలంలో ఫలానా ఫలానా చోట్ల కోత పడొచ్చు అని ముందే చెప్తుంది. నది నడక అంతా పిచ్చి కాదు, వంపు బయటి వైపు కోత, లోపలి వైపు మేట. గత నాలుగైదేళ్ళ వేగం తెలిస్తే వచ్చే ఏడాది అంచనా చెయ్యడం బ్రహ్మవిద్య కాదు. చెప్పినంత మాత్రాన కోత ఆగదనుకోండి. 2018లో నోరియా అనే చోట ఆసుపత్రి భవనంతో సహా కూలి వేల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. కానీ ముందే తెలిస్తే కనీసం రేకులు విప్పుకోవచ్చు, చెట్లు అమ్ముకోవచ్చు, పిల్లల్ని వేరే ఊరి బళ్ళో వెయ్యొచ్చు.

నేనడిగేది పెద్దదేం కాదు. ఏటి ఒడ్డు ఊళ్ళన్నిటికీ ప్రతి ఫిబ్రవరి గట్టు ఎక్కడుందో ఒక గీత గీసి, సర్వే నంబర్ల మ్యాపు మీద పరిచి, తేదీ వేసి అందరికీ కనబడేలా పెట్టండి. యాభై ఏళ్ళ గీతలు పెట్టండి. దరఖాస్తులో "నష్టం జరిగిన తేదీ" అనే గడి తీసేసి రెండు గడులు పెట్టండి: ఏ తేదీ దాకా భూమి ఉంది, ఏ తేదీకి లేదు. వరద నెలల్లో మబ్బులుంటాయి కదా అంటారేమో, సెంటినెల్-1 రాడార్ మబ్బుల్లోంచి కూడా చూస్తుంది, 2014 నుంచీ పైన తిరుగుతోంది.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళలో మొదటివాడు రియలెస్టేట్ వాడు కాదు. మావయ్యే. నేను ఇదంతా ఉత్సాహంగా చెప్తుంటే ఆయన మధ్యలో ఆపి, "అలా రాస్తే మరి పట్టా ఉంచుతారా తీసేస్తారా?" అన్నాడు. నాకసలు తట్టలేదు. పోయిన భూమికి కాగితం ఎందుకు దాచుకుంటారంటే, గోదారి మళ్ళీ మేట వేస్తుందేమో అని. తాతయ్యకి వేసింది కదా. కాగితం మీంచి తీసేస్తే, రేపు అదే చోట ఇసక తేలితే అది ఎవరిది? అక్కడ బలమున్నవాడిది. 1973లో అవతలొడ్డు వాళ్ళకి ఏం జరిగిందో మా కుటుంబంలో ఎవరూ అడగలేదు. 38,000 తీసుకుని హక్కు వదులుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? కాబట్టి నేను పైన చెప్పిన రెండు గడులకి ఇంకోటి కలపాలి: మళ్ళీ తేలితే ఎవరిది అని. ఇది ముప్ఫై లైన్ల జావాస్క్రిప్ట్‌తో తేలే పని కాదని ఒప్పుకుంటున్నాను. చట్టం చేసేవాళ్ళు కూర్చుని తేల్చాల్సిన పని. కానీ గీతలు బయటపెట్టకుండా ఆ చర్చ మొదలే కాదు.

చివరికి పన్నెండు బొమ్మలు రంగుల్లో ప్రింటు తీయించి, ఒక్కోదాని కింద తేదీ, పిక్సెళ్ళ లెక్కా రాసి పంపాను. మావయ్య దరఖాస్తుకి జతచేసి ఇచ్చాడు. గుమాస్తా ఆసక్తిగా చూశాట్ట, తన ఊరు ఎక్కడుందో కూడా వెతికించుకున్నాట్ట. తర్వాత "బాగున్నాయండీ, కానీ వీటి మీద ఎవరి సంతకం లేదు కదా" అని ఫైల్లో పెట్టాడు. ఫైలు ఇంకా అక్కడే ఉంది.

నిన్న రాత్రి మావయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. "ఇంటికీ గట్టుకీ మధ్య నీ చుక్కలు ఎన్నున్నాయిరా?" అని. ఏడు అన్నాను. "2022 వరదకి ఎన్ని చుక్కలు లోపలికొచ్చింది?" రెండున్నర అన్నాను. మావయ్య లెక్కల్లో నాకంటే చురుకు. "అయితే అలాంటివి మూడు" అని, వచ్చే ఫిబ్రవరి బొమ్మ రాగానే పంపమని చెప్పి పెట్టేశాడు.